మూడు వారాలకే మళ్లీ కారిన ఫోర్కు: ఉప్పుగాలిలో ఒక పాత డీటీ

సంక్రాంతికి వారం ముందు ఒకాయన బండి తోసుకుంటూ మా షెడ్డుకి వచ్చాడు. "అన్నా, ముందు షాకబ్జర్ కార్తా ఉంది. సీలు వేసెయ్, పండక్కి బండి కావాల" అన్నాడు. ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు వలయమే సీలు. వేసేశాను. మూడు వారాలకి మళ్లీ అదే బండి, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులో అదే ఎడమ లెగ్, ఈసారి ఇంకా ఎక్కువ కారుతూ వచ్చింది. ఈ కేసు రాస్తున్నది ఆ రెండో రాక గురించి. మొదటిసారి వేసిన సీళ్లలో లోపం లేదు. నేను చూడాల్సింది చూడలేదు, అంతే.

బండి యమహా డీటీ 125. టూ స్ట్రోక్, వెనక రెండు షాకబ్జర్లు, డెబ్బయ్యో దశకం నాటిది. డీటీ వంశం 1968లో 250 సీసీ డీటీ-1తో మొదలైంది. రోడ్డు మీదా నడవాలి, రాళ్లల్లో బురదలో కూడా పోవాలి అని చేసిన బళ్లు. ఎస్కార్ట్స్ వాళ్లు ఇక్కడ తయారు చేసిన యమహాల్లో మనకి తెలిసినవి రాజ్‌దూత్ 350, 1985లో వచ్చిన ఆర్‌ఎక్స్ 100. డీటీ ఆ జాబితాలో లేదు. అందుకే మన వైపు కనిపించడం అరుదు. ఈయన చెన్నైలో కొని తెచ్చుకున్నాడు. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట అవతల, మైపాడు వైపు రొయ్యల గుంటలున్నాయి. రోజూ గుంటల కట్టల మీద తిరగడానికి ఇదే వాడతాడు. పాత బండిని గుడ్డ కప్పి దాచుకోకుండా తోలే మనిషి కాబట్టి నాకు ఆయనంటే ఇష్టం.

మొదటిసారి నేనేం చేశానో ముందు చెప్పాలి. ఒక్కో లెగ్‌లో కింది గొట్టాన్ని బాటమ్ అంటాం, అందులో జారే పై క్రోమ్ గొట్టాన్ని రాడ్డు అంటాం, రాడ్లని హ్యాండిల్ కింద బిగించి పట్టుకునేది టీ. ఎడమ బాటమ్ మీద పైనుంచి హబ్ దాకా నల్లటి జిడ్డు చార ఉంది. రాడ్ల మీద ముడతల రబ్బరు బూట్లు, కొత్తవే. చక్రం, మడ్‌గార్డు తీసి, కింద అలెన్ బోల్టులు ఊడదీసి, రెండు బాటమ్‌లనీ కిందికి లాగేశాను. రాడ్లు మాత్రం టీలోనే ఉంచాను. బూట్లు పైకి ముడిచి దారంతో కట్టాను. కనిపించినంత మేర రాడ్డు గుడ్డతో తుడిస్తే అద్దంలా మెరిసింది. పాత సీళ్లు గట్టిపడి ప్లాస్టిక్ గాజుల్లా అయిపోయున్నాయి. దొంగ దొరికాడు అనుకున్నాను. కొత్త సీళ్లు దించి, ఆయిల్ పోసి, సాయంత్రానికి బండి ఇచ్చేశాను. రాడ్లు టీలోంచి తీయకపోవడం వల్ల నాకు గంట కలిసొచ్చింది. ఆ గంట తర్వాత ఎంత ఖరీదు పడిందో చెప్తాను.

రెండోసారి వచ్చినప్పుడు స్పానర్ ముట్టుకోలేదు. ముందు రెండు లెగ్‌లూ పెట్రోలుతో కడిగి, ఆరనిచ్చి, బూట్లు విప్పి పైకి నెట్టి, ముఖానికి రాసుకునే పౌడర్ చల్లాను. ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిల్ మీద బరువేసి పదిసార్లు గట్టిగా నొక్కాను. పౌడర్ తడిసిన చోటు చూస్తే ఆయిల్ ఎక్కడినుంచి వస్తోందో తెలిసిపోతుంది. కింద అలెన్ బోల్టు దగ్గర కాపర్ వాషర్ నలిగిపోయి కారినా చాలామంది సీలే అనుకుంటారు. ఇక్కడ కింద పొడిగా ఉంది. తడి పైన సీలు దగ్గరే. కానీ రాడ్డు చుట్టూ వలయంలా రావాల్సిన తడి ఒక్క వైపే, బండి మీద కూర్చున్నవాడి ఎడమ చేతి వైపే ఉంది. సీలు ముసలిదైతే చుట్టూ కారుతుంది. ఒక్క వైపే కారిందంటే ఆ వైపు రాడ్డు మీద ఏదో ఉంది, లేదా రాడ్డు సీలుని ఆ వైపుకి ఒత్తుతోంది. ఈ బండిలో రెండూ ఉన్నాయి. అది తర్వాత తెలిసింది.

బూటుని పూర్తిగా పైకి నెట్టి, దాని కింద దాగిన భాగం మీద దూది రుద్దాను. సీలుకి 3 సెంటీమీటర్ల పైనుంచి 7 సెంటీమీటర్ల దాకా దూది పోగులు రాడ్డుకి పట్టుకుని నిలబడిపోయాయి. కంటికి అక్కడ చిన్న చిన్న గోధుమరంగు చుక్కలు, అంతకంటే ఏమీ లేదు. గోరు పెట్టి లాగితే ప్రతి చుక్క దగ్గరా టిక్కుమని ఆగింది. క్రోమ్ పొర పగిలి లోపల ఇనుము తుప్పు తిన్న గుంటలవి. మొదటిసారి నేను బూటు ముడిచి కట్టింది సరిగ్గా ఆ నాలుగు సెంటీమీటర్ల మీదే.

సీలు లోపలి అంచు మెత్తటి రబ్బరు పెదవి. దాని వెనక వెంట్రుకంత సన్నటి స్ప్రింగు ఒకటి వలయంలా ఉండి, పెదవిని రాడ్డుకి అదిమి పట్టుకుంటుంది. రాడ్డు పైకీ కిందికీ పోయినప్పుడల్లా ఆ గుంటల అంచులు పెదవిని గోకుతాయి. పైగా ఒక్కో గుంట ఉగ్గుగిన్నెలా చుక్క ఆయిల్ నింపుకుని పెదవి దాటించి బయట పోస్తుంది. అంటే పెదవికి గాటు పడకముందే కారడం మొదలవుతుంది. మూడు వారాలు ఆగిందే ఎక్కువ.

ఆ గుంటలు నిజంగా సీలు తిరిగే మేరలో ఉన్నాయా అని రుజువు కావాలి. రాడ్డుకి మామూలు రబ్బరు బ్యాండు చుట్టి, సీలు మీద ఆనించి, బండి ఆయనకే ఇచ్చి పెన్నా కట్ట మీద గుంతల్లో ఒక చుట్టు కొట్టి రమ్మన్నాను. వచ్చేసరికి బ్యాండు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు పైకి జరిగి ఉంది. ఎడమ రాడ్డు గుంటలన్నీ ఆ మేర లోపలే. కుడి రాడ్డు మీద కూడా మూడు గుంటలున్నాయి కానీ అవి 9 సెంటీమీటర్ల పైన, టీకి దగ్గరగా ఉన్నాయి. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. తర్వాత నేను తీసుకున్న ఒక నిర్ణయానికి అదే ఆధారం. ఆ నిర్ణయం సరైందేనా అన్న అనుమానం నాకు ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు రాడ్లు టీలోంచి తీశాను. ఇక్కడ ఒక వరుస ఉంది, తప్పితే ఏడుపే. రాడ్డు టీలో బిగించి ఉండగానే పై క్యాప్ ఒక చుట్టు వదులు చేయాలి, బయటికి తీశాక పట్టు దొరకదు. కింద అలెన్ బోల్టుని స్ప్రింగు లోపల ఉండగానే, ఫోర్కు నొక్కి పట్టుకుని విప్పాలి. స్ప్రింగు తీసేస్తే లోపలి డ్యాంపర్ రాడ్డు బోల్టుతో పాటు గిరగిరా తిరుగుతుంది తప్ప బోల్టు ఊడదు.

ఆయిల్ ఒంపుతుంటే కుర్రాడు పిలిచాడు. కుడి లెగ్ నుంచి నేను పోసిన ఎర్ర ఆయిలే వచ్చింది. ఎడమ నుంచి వచ్చింది ఊదా రంగులో ఉంది. కొలగ్లాసులో చూస్తే కుడి దానికంటే 50 మిల్లీలీటర్లు ఎక్కువ. కారుతున్న లెగ్‌లో కారని లెగ్ కంటే ఎక్కువ ఆయిలా? బండి ఆయనకి ఫోన్ చేశాను.

"ఇందులో ఏమన్నా పోశావా అబ్బయా?"

"కారిపోతా ఉంది కదన్నా. తగ్గిపోయుంటదని పై మూత తీసి నేనే పోశా."

"ఏం ఆయిలు?"

"బండిలో పోసేదే. టూటీ."

పెట్రోలులో కలిపే నీలి ఆయిల్ నా ఎర్ర ఆయిల్‌తో కలిసి ఊదా అయింది. నవ్వొచ్చింది గానీ, ఇక్కడ లెక్క ఒకటి ఉంది. ఫోర్కులో ఆయిల్ మీద మిగిలిన గాలి కూడా ఒక స్ప్రింగే. ఈ బండి రాడ్డు 30 మిల్లీమీటర్లు. అది 14 సెంటీమీటర్లు లోపలికి దిగితే సుమారు 99 సీసీ చోటు ఆక్రమిస్తుంది. లోపల గాలికి 160 సీసీ ఉందనుకుంటే, పూర్తిగా నొక్కినప్పుడు 61 మిగులుతుంది. గాలి ఒత్తిడి దాదాపు రెండున్నర రెట్లు. అదే లెగ్‌లో ఇంకో 50 మిల్లీలీటర్లు పోస్తే గాలికి ఉండేది 110, నొక్కాక మిగిలేది 11. ఒత్తిడి పది రెట్లు. గుంతలో పడ్డ ప్రతిసారీ ఆ ఒత్తిడంతా పైకి వెతుక్కునే దారి సీలు పెదవే. కారుతున్న ఫోర్కులో ఆయిల్ టాపప్ చేయడం దానికి మందు కాదు, అది ఇంకా కారడానికి తోపు.

అయినా టూటీ తర్వాత సంగతి. గుంటలు ముందే ఉన్నాయి. నన్ను తొలిచింది అవి ఉన్న చోటు. కట్టల మీద, కంకర మీద తిరిగే బండికి రాళ్లు తగిలి తుప్పు పట్టేది రాడ్డు ముందు వైపు. ఈ గుంటలు ముందు లేవు, పక్కన ఉన్నాయి. ఎడమ రాడ్డు ఎడమ పక్కనే, వరసగా. దాన్ని చూడకుండా కొత్త క్రోమ్ వేయించినా మళ్లీ తింటుందని ఆదివారం బండేసుకుని ఆయన రొయ్యల గుంటల దగ్గరికి పోయాను.

మేత బస్తాలు, ఏరేటర్ల మోటార్లు, ఈ డీటీ, అన్నీ ఒకే రేకుల షెడ్డులో ఉంటాయి. బండి సైడ్ స్టాండ్ వేసి ఎడమకి వాలి నిలబడే చోటు గోడకి, బండికి మధ్య మూడడుగుల ఎడం. ఆ గోడ వెంబడి బ్లీచింగ్ పౌడర్ బస్తాలు పేర్చి ఉన్నాయి. గుంటలో కొత్త నీళ్లు పెట్టాక, పిల్ల వదలకముందు క్రిములు చావడానికి వేసేది అదే. రెండు బస్తాల మూతి విప్పి తాడుతో వదులుగా కట్టి ఉంది. లోపలికి పోగానే కళ్లు మండాయి. బ్లీచింగ్ నుంచి లేచే క్లోరిన్, సముద్రపు తేమ రెండూ కలిస్తే ఇనుముకి అంతకన్నా పగవాడు ఉండడు. గోడకున్న స్విచ్చు బోర్డు స్క్రూలు కూడా పొట్టు రాలుతున్నాయి.

అప్పుడు ఆయన అసలు మాట చెప్పాడు. కిందటి వానల్లో బండి రెండు నెలలు అక్కడే నిలిచిపోయింది. రాడ్డు మీద మచ్చలు చూసి, అవి కనపడకుండా రబ్బరు బూట్లు కొని తొడిగాడు. మచ్చలు పోయాయి, అంటే కనపడటం పోయింది. ఆ బూట్లకి అడుగున నీళ్లు దిగే రంధ్రం కూడా లేదు. కట్ట మీద ఎగిరిన ఉప్పు బురద లోపలికి చేరి అక్కడే ఊరింది. రబ్బరు బూట్లు చెడ్డవని నేను అనను. దుమ్ము రోడ్డుకి అవే మంచివి. కానీ నెలకోసారి విప్పి తుడవనివాడు బూట్లు తొడగకుండా ఉండటమే మేలు.

ఇక ఆ గంట ఖరీదు సంగతి. రాడ్లు బయటికి తీశాను కాబట్టి లేత్ షాపుకి తీసుకెళ్లి వి బ్లాకుల (వి ఆకారపు దిమ్మెల) మీద పెట్టి, వంకర కొలిచే ముల్లు మీటరు, అదే డయల్ గేజ్‌తో తిప్పి చూశాం. కుడిది బాగానే ఉంది. ఎడమది ఒక చుట్టులో ముల్లు 0.35 మిల్లీమీటర్లు ఊగింది. ముల్లు ఊగినదాంట్లో సగం అసలు వంపు. నా లెక్కలో ముల్లు ఊపు 0.2 దాటితే ఊరుకోకూడదు. వంపు కింది టీకి సరిగ్గా కింద ఉంది. ఎప్పుడో, ఎవరి చేతుల్లోనో బండి దేనికో గుద్దుకుంది. వంగిన రాడ్డు నొక్కినప్పుడల్లా సీలు పెదవిని ఒక వైపుకి ఒత్తి, రెండో వైపు వదిలేస్తుంది. పౌడర్ మీద తడి ఒక్క వైపే రావడానికి ఇదో కారణం. రాడ్లు టీలో ఉంచి పనిచేసిన రోజు ఈ వంపు నాకు ఎలా కనపడుతుంది?

రాడ్డుకి మడత పడలేదు, అదృష్టం. మడత పడితే పారేయడమే. హైడ్రాలిక్ ప్రెస్ కింద చల్లగానే, కొంచెం నొక్కడం, గేజ్ చూడటం, మళ్లీ నొక్కడం. గంటన్నరకి 0.1 లోపుకి వచ్చింది. గ్యాస్ పెట్టి వేడి చేద్దామన్న లేత్ బాబాయి మాట నేను ఒప్పుకోలేదు. వేడి చేసిన చోట ఇనుము గట్టిదనం పోయి తర్వాత మళ్లీ అక్కడే వంగుతుంది.

క్రోమ్ దగ్గర పెద్ద చర్చే జరిగింది. ఊళ్లో బుల్లెట్ల సైలెన్సర్లకి, బంపర్లకి మెరుగు పెట్టే ఆయన తక్కువ ధరకి చేస్తానన్నాడు. అది అందానికి పెట్టే క్రోమ్. కింద నికెల్, పైన కాగితం కంటే పల్చటి క్రోమ్. ఫోర్కు రాడ్డు మీద అది నిలవదు, కొలతా నిలవదు. దీనికి కావాల్సింది హార్డ్ క్రోమ్. జేసీబీల హైడ్రాలిక్ రాడ్లకి చేసేదే. పాత పొర తీసేసి, గుంటలు పోయేదాకా గ్రైండ్ చేసి, ఇనుము మీద నేరుగా మందంగా క్రోమ్ ఎక్కించి, మళ్లీ అసలు కొలతకి గ్రైండ్ చేస్తారు. చెన్నై అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్ వైపు ఆ పని జరుగుతుంది. వంపు తీశాకే క్రోమ్‌కి పంపాలి. క్రోమ్ వేశాక ప్రెస్ కింద పెడితే పొర చిట్లుతుంది.

ఎడమ రాడ్డు ఒక్కటే పంపాను. కుడి దాని మూడు గుంటలు సీలు తిరిగే మేరకి పైన ఉన్నాయని రబ్బరు బ్యాండు చెప్పింది కదా. రెండూ పంపితే ఖర్చు రెట్టింపు. ఆయనకి ఆ నెల రొయ్యల రేటు పడిపోయి చేతిలో డబ్బు లేదు. కుడి గుంటల్లో తుప్పు సూదితో గీకి, థిన్నర్‌తో కడిగి, రెండు ట్యూబుల మెటల్ ఎపాక్సీ నింపి, ఒక రోజంతా ఆరనిచ్చాను. తర్వాత 1000, 2000 నంబరు వాటర్ పేపర్లని ఆయిల్‌లో ముంచి, రాడ్డు పొడవునా కాకుండా చుట్టూ తిప్పుతూ రుద్దాను. పొడవునా రుద్దితే ఆ గీతలే ఆయిల్‌కి కాలవలవుతాయి. గోరు ఆగలేదు.

పన్నెండో రోజు ఎడమ రాడ్డు తిరిగొచ్చింది. నాలుగు చోట్ల మైక్రోమీటర్ పెడితే 29.96. సంతోషమేసింది.

సీలు కొలత 30, 40.5, 10.5. అంటే లోపలి వ్యాసం, బయటి వ్యాసం, ఎత్తు. మా ఊళ్లో ఏ స్పేర్ల కొట్లో అయినా దొరికే ఆర్‌ఎక్స్ 100 సీలు కొలతే ఇది. డీటీలన్నిటికీ ఇదే అనుకోకండి. ఏడాది మారితే ఫోర్కు మారుతుంది. మీ పాత సీలు తీసి వెర్నియర్ పెట్టాకే కొట్టుకి పోండి. పాత సీలు పీకేటప్పుడు టైర్ లివర్ కింద చెక్క ముక్క పెట్టి, బాటమ్ మీద మరిగే నీళ్లు పోసి లేపాను. బాటమ్ అల్యూమినియం. సీలు కూర్చునే గోడకి గీత పడితే, కొత్త సీలు బయటి వైపు నుంచి కారుతుంది, ఆ తర్వాత ఎవరికీ అంతుచిక్కదు. ఈ తరం ఫోర్కుల్లో చాలావాటికి మార్చుకునే బుష్షులు ఉండవు, రాడ్డు నేరుగా బాటమ్‌లోనే జారుతుంది. అందుకని బాటమ్‌లో రాడ్డు పెట్టి అటూఇటూ ఊపి చూశాను. ఊగులాట ఉంది గానీ, భరించగలిగినంతే.

కొత్త సీలు దించడానికి ప్రత్యేకమైన టూలు నా దగ్గర లేదు. దాన్ని బండి ఆయనే తెచ్చాడు, తనకి తెలియకుండానే. రొయ్యల గుంటలకి గాలి లైన్లు వేసే 40 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్క ఆయన ట్రాలీలో పడుంది. పైపు మీద రాసే 40 బయటి వ్యాసం. 40.5 రంధ్రంలోకి సరిగ్గా దిగుతుంది, లోపలి నుంచి 30 రాడ్డు సులువుగా పోతుంది. మూతి నున్నగా కోసి, సీలు మీద పెట్టి, పైన సుత్తితో చిన్నగా చుట్టూ కొట్టుకుంటూ వస్తే సీలు వంకర పోకుండా దిగింది. సీలుని పైకి రాకుండా ఆపే సర్‌క్లిప్ గాడి పూర్తిగా కనపడ్డాకే ఆపాను. స్ప్రింగు కనపడే ముఖం కిందికి, ఆయిల్ వైపుకి ఉండాలి. సీలు దించకముందే రాడ్డు పై అంచుకి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి ఆయిల్ రాసి సీలులోంచి దూర్చాను. అంచు గోకితే పెదవి మొదటి నిమిషంలోనే పోతుంది.

ఆయిల్ 10డబ్ల్యూ ఫోర్క్ ఆయిల్. ఈసారి కొలగ్లాసుని నమ్మలేదు. స్ప్రింగు లేకుండా రాడ్డుని పూర్తిగా కిందికి దించి, గాలి బుడగలు పోయేదాకా పంపు కొట్టి, పై అంచు నుంచి ఆయిల్ మట్టం దాకా స్కేలుతో కొలిచి, రెండు లెగ్‌లూ ఒకే మట్టానికి తెచ్చాను.

చివరి బిగింపు గురించి మా మేస్త్రీ తిట్టి తిట్టి నేర్పాడు. యాక్సిల్ దూర్చి, కింది టీ బోల్టులు, యాక్సిల్ క్లాంపు వదులుగా ఉంచి, బండి నేల మీద దించి ముందు బ్రేకు పట్టుకుని పదిసార్లు నొక్కాలి. రెండు లెగ్‌లూ తమ చోటు తాము వెతుక్కుంటాయి. అప్పుడు యాక్సిల్ నట్టు, తర్వాత క్లాంపు, ఆఖర్న టీ. ముందే బిగించేస్తే లెగ్‌లు ఒకదాన్నొకటి లాక్కుంటూ సీలుని తింటాయి. నొక్కితే ఫోర్కు దిగి మెత్తగా పైకొచ్చింది. ఇన్నాళ్లూ మధ్యలో ఎక్కడో పట్టేసేదట. "బండి ముసలిదైంది అనుకున్నానన్నా" అన్నాడాయన.

బూట్లకి అడుగున వెనక వైపు రెండేసి రంధ్రాలు కాల్చిన మేకుతో పెట్టి ఇచ్చాను. బ్లీచింగ్ బస్తాలు వేరే గదికి మార్చమన్నాను. మార్చలేదు. బండినే బయటికి తెచ్చి, కొబ్బరి మట్టల పందిరి కింద పెట్టాడు. అదీ ఒక దారే.

ఎనిమిది నెలలైంది. మధ్యలో రెండుసార్లు విప్పించి దూది పెట్టి చూశాను. ఎడమ రాడ్డు మీద ఆయిల్ మెరుపు తప్ప చుక్క లేదు. కుడి దాని మీద పైనున్న గుంటల్లో ఒకదాని ఎపాక్సీ ఊడిపోయింది. సీలు పైన గోరంత మేర సన్నటి తడి గీత ఒకటి కనిపిస్తోంది. కారడం లేదు, కానీ నాకు నచ్చలేదు. బరువుతో పెద్ద గుంతలో పడ్డప్పుడు రాడ్డు ఎనిమిదిన్నర దాటి దిగుతున్నట్టుంది. నేను బ్యాండు కట్టి పంపిన రోజు ఆయన వెనక మేత బస్తా లేదు మరి. వచ్చే రొయ్యల పట్టుబడి అయ్యాక ఆ చెరువు గుంటలు ఎండబెడతారు. అప్పుడు బండికి పని ఉండదు. కుడి రాడ్డు కూడా అంబత్తూరు పంపేద్దామని మాట్లాడుకున్నాం. ఈసారి ఖర్చులో సగం నాది అన్నాను, ఆయన ఒప్పుకోవడం లేదు.